స్పేస్ యాప్స్ హ్యాకథాన్‌లో పాల్గొనడం ఎలా: ముందు డేటా తెరవండి, తర్వాత ఐడియా

నాసా ఏటా నిర్వహించే ఇంటర్నేషనల్ స్పేస్ యాప్స్ ఛాలెంజ్, అంటే అంతరిక్ష సంస్థల డేటాతో టీములుగా ఒక సమస్యకు పరిష్కారం తయారుచేసే రెండు రోజుల పోటీ (హ్యాకథాన్) గురించి ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పే మాట ఒకటే. ఐడియా కోసం బుర్ర బద్దలు కొట్టుకోకండి. ముందు ఒక డేటా ఫైలు దించుకుని తెరిచి చూడండి. రెండు రోజుల హ్యాకథాన్‌లో టీములు చతికిలబడేది ఐడియా లేక కాదు. మంచి ఐడియా ఉంటుంది, దానికి కావాల్సిన డేటా మాత్రం ఆదివారం మధ్యాహ్నానికి కూడా చేతికి రాదు.

ఇది అనుభవం మీద చెబుతున్న మాట. మొదటిసారి పాల్గొన్నప్పుడు మా టీమ్ శనివారం పొద్దుటి పూటంతా పేరు పెట్టడంలో, లోగో గీయడంలో, యాప్ స్క్రీన్లు దిద్దడంలో గడిపింది. సాయంత్రం ఉపగ్రహ డేటా దించుకోవడం మొదలుపెట్టాం. ఫైళ్లు పెద్దవి, నెట్ నెమ్మది. దిగిన కాసిని ఫైళ్లను తెరిచే లైబ్రరీ (ముందే రాసిపెట్టిన కోడ్) మా లాప్‌టాప్‌లలో ఇన్‌స్టాల్ కాలేదు. చివరికి మేమే ఊహించి వేసుకున్న అంకెలతో డెమో చూపించాం. జడ్జి అడిగిన మొదటి ప్రశ్న, "ఈ అంకెలు ఎక్కడివి?" మా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉండాలనే ఇదంతా రాస్తున్నాను.

మొదటి అడుగు: రిజిస్ట్రేషన్, ఈవెంట్ ఎంపిక

స్పేస్ యాప్స్ 2012లో 17 దేశాల్లో, 25 నగరాల్లో మొదలైంది. 2025 నాటికి పాల్గొనేవాళ్ల సంఖ్య లక్ష దాటింది. ఈ మధ్య సంవత్సరాల్లో అక్టోబరు మొదట్లో వచ్చే ఒక శని, ఆదివారాల్లో ప్రపంచమంతా ఒకేసారి జరుగుతోంది. నాసాతో పాటు ఐరోపా, జపాన్, కెనడా అంతరిక్ష సంస్థలు కూడా ఇందులో భాగస్వాములు. ఫీజు లేదు. డిగ్రీ అడగరు, కోడింగ్ వచ్చా అని అడగరు. మైనర్లకు మాత్రం తల్లిదండ్రుల లేదా సంరక్షకుల అనుమతి కావాలి.

అధికారిక సైట్‌లో ఖాతా తెరిచి, మీకు దగ్గర్లోని లోకల్ ఈవెంట్‌లో పేరు నమోదు చేసుకోండి. దగ్గర్లో ఏదీ లేకపోతే ఆన్‌లైన్‌లో జరిగే యూనివర్సల్ ఈవెంట్‌లో చేరవచ్చు. మొదటిసారి అయితే వీలైనంత వరకు నేరుగా వెళ్లే ఈవెంట్‌నే ఎంచుకోమని నా సలహా. పక్క టేబుల్ వాళ్లు ఏం చేస్తున్నారో చూసి నేర్చుకునేది చాలా ఉంటుంది. మెంటర్‌ని భుజం తట్టి పిలవడానికి, మెసేజ్ పెట్టి ఎదురుచూడడానికి ఉన్న తేడా ఆ రెండు రోజుల్లో బాగా తెలుస్తుంది.

టీమ్

టీమ్‌లో గరిష్ఠంగా ఆరుగురు ఉండవచ్చు. ఆరుగురూ కోడ్ రాసేవాళ్లే అయితే ఆ టీమ్ ఇబ్బంది పడుతుంది. నా లెక్కలో ముగ్గురు తప్పనిసరి. డేటాతో కుస్తీ పట్టే ఓపిక ఉన్న ఒకరు. తయారైనదాన్ని తెర మీద కనిపించేలా చేసే ఒకరు. మొదటి గంట నుంచే రాసుకుంటూ, ప్రశ్నలు వేస్తూ, చివర్లో కథ చెప్పగలిగే ఒకరు. ఈ మూడో మనిషిని చాలా టీములు పట్టించుకోవు. జీవశాస్త్రం, భూగోళం, జర్నలిజం, బొమ్మలు గీయడం వంటివి తెలిసినవాళ్లకు ఇది సరిగ్గా సరిపోయే పని. "నాకు కోడింగ్ రాదు కదా" అని వెనకాడుతున్నవాళ్లు ఈ పని తీసుకోండి.

సభ్యులంతా ఎవరికి వారు సైట్‌లో రిజిస్టర్ అయి, టీమ్ పేజీలో చేరాలి. ఈ పని శుక్రవారం లోపే ముగించండి. ఆదివారం రాత్రి ఒకరి పేరు టీమ్‌లో కనబడకపోతే ఆ టెన్షన్ మామూలుగా ఉండదు.

ఛాలెంజ్‌ను చదవడం

హ్యాకథాన్‌కు కొన్ని వారాల ముందు ఆ ఏటి ఛాలెంజ్‌ల జాబితా వస్తుంది. భూమి, సూర్యుడు, గ్రహాలు, వ్యోమగాముల ఆరోగ్యం, కథ చెప్పడం, ఆటలు తయారుచేయడం, ఇలా రకరకాలుగా ఉంటాయి. తేలికవి, కష్టమైనవి రెండూ ఉంటాయి. పేరు చూసి మనసు పారేసుకోకుండా వివరణ మొత్తం కనీసం రెండుసార్లు చదవండి. సమస్య అసలు ఎక్కడుందో ఆ పేరాల్లోనే ఉంటుంది.

2024లో వచ్చిన ఒక ఛాలెంజ్‌నే చూడండి. అపోలో యాత్రికులు చంద్రుడి మీద పెట్టిన సీస్మోమీటర్లు (నేల కంపాలను కొలిచే పరికరాలు), అంగారకుడి మీద దిగిన ఇన్‌సైట్ ల్యాండర్ నమోదు చేసిన డేటాలో కంపాలను గుర్తించాలి. పైపైన చదివితే "అంగారకుడి కంపాల మ్యాప్ చేద్దాం" అనిపిస్తుంది. వివరణలో ఉన్న ఇబ్బంది వేరు. అంత దూరం నుంచి డేటా పంపాలంటే బోలెడు విద్యుత్తు ఖర్చవుతుంది, నమోదైన దాంట్లో ఎక్కువ భాగం పనికిరాని రొద. అసలు కంపం ఉన్న ముక్కను అక్కడే ఏరి, దాన్ని మాత్రమే పంపగలమా అన్నది ప్రశ్న. దానికి కృత్రిమ మేధే కావాలని లేదు. గత కొన్ని సెకన్ల సగటు కదలికను, అంతకంటే చాలా ఎక్కువ సమయపు సగటుతో భాగించి, ఆ నిష్పత్తి ఒక్కసారిగా పెరిగిన చోటును పట్టుకోవడం భూకంప శాస్త్రంలో పాత పద్ధతి. కొన్ని పంక్తుల కోడ్ చాలు. తర్వాత ఎన్ని కంపాలు పట్టుకున్నారు, ఎన్ని వదిలేశారు, ఎంత డేటా ఆదా అయింది అని లెక్క చూపించే టీమ్, త్రీడీ గ్లోబు తిప్పి చూపించే టీమ్ కంటే ప్రశ్నకు ఎంతో దగ్గరగా ఉంటుంది.

ప్రతి ఛాలెంజ్ కింద రిసోర్సెస్ అని డేటా లింకుల జాబితా ఇస్తారు. మీకు నచ్చిన రెండు మూడు ఛాలెంజ్‌లకు ఒక పరీక్ష పెట్టండి. గడియారం చూసుకుని గంట టైమ్ తీసుకోండి. ఆ గంటలో ఒక ఫైలు దించుకుని, తెరిచి, ఏదో ఒక గ్రాఫో బొమ్మో గీయగలిగారా? అయితే ఆ ఛాలెంజ్ మీది. గీయలేకపోతే, ఎంత నచ్చినా పక్కన పెట్టండి.

డేటా: ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి

భూమికి సంబంధించిన నాసా డేటాలో చాలా భాగం దించుకోవాలంటే ఎర్త్‌డేటా లాగిన్ కావాలి. ఉచితమే. టీమ్‌లో కనీసం ఇద్దరు ముందే ఖాతా తెరిచి పెట్టుకోండి. నాసా ఏపీఐలు (మీ ప్రోగ్రామ్ నేరుగా డేటా అడిగి తెచ్చుకునే దారులు) వాడదలచుకుంటే సొంత కీ (పాస్‌వర్డ్ లాంటి కోడ్) తీసుకోండి. అందరికీ ఇచ్చే డెమో కీతో గంటకు 30, రోజుకు 50 సార్లు మాత్రమే అడగొచ్చు. సొంత కీ ఉంటే గంటకు 1,000 సార్లు. కీ రావడానికి నిమిషం పడుతుంది. డెమో కీతో మొదలుపెట్టి, ప్రదర్శన సమయానికి పరిమితి అయిపోయి తెల్ల తెర చూపించాల్సిన అవసరం ఎవరికీ రాకూడదు.

ఫైళ్లు ఎక్సెల్ పట్టికల్లా ఉండవు. నెట్‌సీడీఎఫ్, హెచ్‌డీఎఫ్, జియోటిఫ్ అనే రూపాల్లో వస్తాయి. పైథాన్‌లో ఎక్స్‌అరే, రాస్టీరియో వంటి లైబ్రరీలు వీటిని తెరుస్తాయి. వాటిని ముందే ఇన్‌స్టాల్ చేసి ఒక్కసారైనా వాడి చూడండి. కోడ్ రానివాళ్లకు వరల్డ్‌వ్యూ అనే నాసా సైట్ ఉంది. బ్రౌజర్‌లోనే 2000 నుంచి దాదాపు ఏ రోజు ఉపగ్రహ చిత్రమైనా తెరిచి, పొగ, మంచు, మంటలు వంటి పొరలు వేసుకుని చూడవచ్చు. ఐడియా పుట్టడానికి అంతకంటే మంచి చోటు నాకు తెలియదు.

డేటా తెరిచాక మూడు ప్రశ్నలు అడగండి. అసలు కొలిచింది ఏమిటి? ఎంత పెద్ద గడిలో (ఒక్కో కొలత వర్తించే నేల ముక్కలో) కొలిచారు? ఎంత ఆలస్యంగా చేతికొస్తుంది? ప్రాజెక్టులు చాలావరకు ఈ మూడింటి దగ్గరే తప్పుతాయి.

వాన సంగతి చూద్దాం. ఐమెర్గ్ అనే నాసా ఉపగ్రహ డేటా అరగంటకోసారి వర్షపాతం అంచనా ఇస్తుంది. ఒక్కో గడి 0.1 డిగ్రీ, అంటే భూమధ్యరేఖ దగ్గర సుమారు 11 కిలోమీటర్లు. ఇంత పెద్ద గడితో "మీ వీధిలో నీళ్లు నిలుస్తాయా" అని చెప్పలేరు. ఒక నదీ పరీవాహక ప్రాంతం మొత్తం మీద ఎంత వాన పడిందో చెప్పవచ్చు. పైగా అదే డేటా మూడు విడతలుగా వస్తుంది. త్వరగా వచ్చేది సుమారు నాలుగు గంటల్లో అందుతుంది. నేల మీది వర్షమాపకాలతో సరిచూసిన చివరిది రావడానికి సుమారు మూడున్నర నెలలు. చివరి విడత డేటాతో మోడల్ (అంచనా వేసే ప్రోగ్రామ్) తయారుచేసి "ఇప్పటికిప్పుడు హెచ్చరిస్తాం" అంటే జడ్జి అక్కడే ఆపుతారు.

మంటల డేటా ఫర్మ్స్ అనే నాసా సైట్‌లో దొరుకుతుంది. ఉపగ్రహం చూసిన మూడు గంటల్లోపే చాలా చోట్లకు అందుతుంది. ఉపగ్రహాల మీదున్న మోడిస్ అనే పరికరపు గడి ఒక కిలోమీటరు, విర్స్ అనే పరికరానిది 375 మీటర్లు. మ్యాప్ మీద చుక్క కనిపిస్తే ఆ గడి అంతా కాలిపోయిందని కాదు. గడిలో ఎక్కడో చుట్టుపక్కల కంటే బాగా వేడిగా ఉన్న చోటు ఒకటి ఉందని మాత్రమే. చుక్కలు లెక్కపెట్టి ఇన్ని హెక్టార్లు కాలాయని చెప్పే ప్రాజెక్టులు ఏటా కనిపిస్తాయి. మీది వాటిలో ఒకటి కానివ్వకండి.

ఇంకొకటి కూడా చెప్పాలి. ల్యాండ్‌శాట్ ఉపగ్రహాలు ఇచ్చే ఉష్ణోగ్రత నేల ఉపరితలానిది, గాలిది కాదు. ఎండలో రేకు కప్పు ఎంత కాలుతుందో, దాని పక్కన నిలబడితే ఒంటికి తగిలే గాలి ఎంత వేడో రెండూ వేర్వేరు. వడదెబ్బ గురించి యాప్ చేసేవాళ్లు ఈ రెంటినీ కలిపేస్తే మొత్తం లెక్క తప్పుతుంది. ల్యాండ్‌శాట్ 8, 9 రెండూ కలిసి ఒక చోటును చూసేది ఎనిమిది రోజులకోసారి. ఆ రోజు మబ్బు పడితే అదీ లేదు. కాబట్టి రోజువారీ హెచ్చరికలకు అది పనికిరాదు. ఏ ప్రాంతం ఏళ్ల తరబడి ఎక్కువ వేడెక్కుతోందో చూడడానికి మాత్రం బంగారం. 1972 నుంచి ఉన్న చిత్రాల భాండాగారం అది, 2008 నుంచి అందరికీ ఉచితం.

సౌరకుటుంబం బయటి గ్రహాలను మెషిన్ లెర్నింగ్‌తో (ఉదాహరణలు చూపి కంప్యూటర్‌కు నేర్పే పద్ధతితో) వెతకడం 2025లో ఒక ఛాలెంజ్‌గా వచ్చింది. కెప్లర్, టెస్ టెలిస్కోపుల డేటా. గ్రహం తన నక్షత్రానికి, మనకు మధ్యగా వెళ్లినప్పుడు వెలుగు కాస్త తగ్గుతుంది, దాన్ని పట్టుకోవాలి. సూర్యుడంతటి నక్షత్రం ముందు బృహస్పతి అంత గ్రహం వెళితే తగ్గేది సుమారు ఒక శాతం. భూమి అంతదైతే ఒక శాతంలో వందో వంతు కూడా తగ్గదు. పైగా రెండు నక్షత్రాలు ఒకదాన్నొకటి మరుగు చేసుకున్నా వెలుగు తగ్గుతుంది, కాబట్టి తప్పుడు సంకేతాలు బోలెడు. ఈ రంగంలో కొత్తవాళ్లు పడే గొయ్యి ఒకటుంది. కెప్లర్ పట్టికలో శాస్త్రవేత్తలు తమ పరిశీలన తర్వాత వేసిన గుర్తులు, స్కోర్లు కూడా కాలమ్‌లుగా ఉంటాయి. వాటిని తీసేయకుండా మోడల్‌కి నేర్పిస్తే 99 శాతం కరెక్ట్ అని వస్తుంది. అది గ్రహాలను కనిపెట్టలేదు, జవాబు పత్రం చూసి రాసింది. ఫలితం మరీ బాగా వచ్చిందంటే సంబరపడే ముందు కాలమ్‌లు ఒక్కొక్కటిగా చూడండి. ఒకే నక్షత్రానికి చెందిన రికార్డులు మోడల్‌కి నేర్పే భాగంలోనూ, దాన్ని పరీక్షించే భాగంలోనూ రెండు చోట్లా పడకుండా విడదీయండి.

శనివారం

పొద్దున్నే ఒక్క వాక్యం రాసి గోడకు అతికించండి: ఎవరి కోసం, ఏ ప్రశ్నకు, ఏ డేటాతో జవాబు ఇస్తున్నాం. "వాతావరణ మార్పును ఎదుర్కొనే ఏఐ వేదిక" అన్నది వాక్యం కాదు. "సెలవు రోజు కొండెక్కాలనుకునేవాళ్లకు, ఆ తేదీన ఆ చోట గత 30 ఏళ్లలో ఎన్నిసార్లు భారీ వాన పడిందో నాసా పవర్ అనే పాత వాతావరణ రికార్డుల డేటాతో చెబుతాం" అన్నది వాక్యం. రెండోది చిన్నదిగా అనిపిస్తుంది. రెండు రోజుల్లో పూర్తయ్యేది అదే. "ఈ అంకెలు ఎక్కడివి?" అని అడిగితే జవాబు ఆ వాక్యంలోనే ఉంది.

మధ్యాహ్నానికల్లా అసలు డేటా ముక్క ఒకటి అందరి లాప్‌టాప్‌లలో ఉండాలి. మొత్తం ప్రపంచం డేటా దించకండి. ఒక ప్రాంతం, ఒక నెల చాలు. పని చేస్తే తర్వాత పెంచుకోవచ్చు. రాత్రికి ఆ చివర నుంచి ఈ చివర దాకా పనిచేసే ఏదో ఒక రూపం ఉండాలి. అందంగా ఉండక్కర్లేదు. డేటా లోపలికి వెళ్లి, లెక్క జరిగి, జవాబు తెర మీద కనబడితే చాలు. రాత్రి పదకొండు దాటాక కొత్త ఫీచర్ల చర్చ వస్తే వద్దనండి.

నిద్ర పోండి. రాత్రంతా మేలుకుంటేనే హ్యాకథాన్ అనుకునేవాళ్లు ఉంటారు. ఆదివారం మధ్యాహ్నం వాళ్ల కోడ్‌లో తప్పులు వెతికేది ఎవరో నేను చాలాసార్లు చూశాను: పడుకుని లేచొచ్చిన వాళ్లు.

ఆదివారం, ప్రాజెక్టు పేజీ

మధ్యాహ్నం తర్వాత కోడ్ ముట్టుకోవద్దు. ఆ సమయం ప్రాజెక్టు పేజీకి. లోకల్ ఈవెంట్ దాటి పైకి వెళ్లాక మిమ్మల్ని చూసేవాళ్లు ఉండరు, మీ మాట వినేవాళ్లు ఉండరు. ఆ పేజీ ఒక్కటే మీ తరఫున మాట్లాడాలి. ఇది తెలియక మంచి ప్రాజెక్టులు చాలా మరుగున పడిపోతాయి.

పేజీలో ఏం చేశారు, ఎందుకు, ఎలా పనిచేస్తుంది అన్నది మామూలు మాటల్లో రాయండి. ఏ డేటా వాడారో పేరుతో, లింకుతో రాయండి. బయటి బొమ్మలు, సంగీతం, కోడ్ వాడి ఉంటే అవి ఎవరివో చెప్పండి. ఏఐ టూల్స్ వాడితే ఎక్కడ, దేనికి వాడారో తప్పక రాయాలి. నాసా లోగోను మీ యాప్‌లో గానీ, స్లయిడ్లలో గానీ పెట్టకండి, నియమాలు ఒప్పుకోవు. డెమో స్లయిడ్లకు, వీడియోకి ఆ ఏటి నియమాల్లో పరిమితి ఇస్తారు. సెకన్లతో సహా పాటించండి.

డెమోలో మొదటి వాక్యం సమస్య గురించి ఉండాలి, టీమ్ పరిచయం గురించి కాదు. రెండో నిమిషం కోసం దాచుకునేంత టైమ్ మీకు ఉండదు. తెర మీద పనిచేస్తున్న వస్తువును చూపించండి.

సబ్మిట్ చేశాక, ఏ ఖాతాలోనూ లాగిన్ కాని మరో ఫోన్‌లో ప్రతి లింకూ తెరిచి చూడండి. స్లయిడ్లు "అనుమతి కోరండి" అని చూపిస్తే జడ్జి అనుమతి కోరరు, తర్వాతి ప్రాజెక్టుకి వెళ్లిపోతారు. గడువుకు కనీసం రెండు గంటల ముందే ఒక వెర్షన్ సబ్మిట్ చేసి, తర్వాత దిద్దుకోండి.

జడ్జీలు ఏం చూస్తారు

ప్రభావం, సృజనాత్మకత, ప్రామాణికత (శాస్త్రీయంగా సరైనదేనా, చెప్పినట్టు పనిచేస్తుందా), ఛాలెంజ్‌కు ఎంత తగినట్టు ఉంది, ప్రదర్శన. ఈ ఐదే. లోకల్ జడ్జీలు ఎంపిక చేసిన టీములు గ్లోబల్ నామినీలు అవుతాయి. వాటిలోంచి ఫైనలిస్టులు, వాళ్లలోంచి విజేతలు. సైన్స్‌ను బాగా వాడినవాళ్లకు, డేటాను బాగా వాడినవాళ్లకు, కథను బాగా చెప్పినవాళ్లకు, ఇలా వేర్వేరు గ్లోబల్ అవార్డులున్నాయి. నగదు బహుమతి ఆశించి మాత్రం రాకండి, గ్లోబల్ స్థాయిలో అది లేదు.

ఐదింటిలో ప్రామాణికత దగ్గర ఎక్కువమంది జారిపోతారు. దానికి నేను చెప్పగల మార్గం, "మా పద్ధతి ఎక్కడ పనిచేయదు" అని పేజీలో ఒక పేరా పెట్టడం. గడి పెద్దది కాబట్టి చిన్న చెరువులు కనబడవు, మబ్బున్న రోజులు వదిలేశాం, ఒక్క ప్రాంతం మీదే పరీక్షించాం. ఇలా రాస్తే మార్కులు తగ్గుతాయని భయపడకండి. డేటాను నిజంగా తెరిచి చూసినవాళ్లే అలా రాయగలరని జడ్జీలకు తెలుసు.

సోమవారం

కోడ్ రిపాజిటరీలో (కోడ్ దాచి, పంచుకునే ఆన్‌లైన్ చోటులో) రీడ్‌మీ ఫైలు రాయండి: డేటా ఎక్కడి నుంచి, ఏ తేదీన దించారు, ఏ వెర్షన్, ప్రోగ్రామ్ నడపాలంటే ఏం టైప్ చేయాలి. ఓపెన్ లైసెన్స్ ఒకటి జత చేయండి, లేకపోతే మీ పనిని మరొకరు ముందుకు తీసుకెళ్లలేరు. ఏపీఐ కీలు పొరపాటున కోడ్‌లో ఉండిపోయాయేమో చూసి, ఉంటే వాటిని రద్దు చేసి కొత్తవి తీసుకోండి. నామినేషన్ వస్తే సమాచారం ఈమెయిల్‌కే వస్తుంది, కాబట్టి రాబోయే కొన్ని వారాలు స్పామ్ ఫోల్డర్ కూడా చూస్తూ ఉండండి.